తడిగుడ్డ

గాలికి పోయే కంపను ఒంటికి తగిలించుకోవడం అంటారే, ఆ వేసవిలో మా ఇంట్లో అక్షరాలా అదే జరిగింది. గాలిలో దుమ్ము కొలిచే మిషను పెట్టడానికి మా వీధిలో ఎవరిదైనా డాబా కావాలని మునిసిపాలిటీ వాళ్లు మీటింగు పెట్టి అడిగారు. పక్కవాళ్లు ఇంకా గొంతు సవరించుకుంటూ ఉండగానే మా అత్తయ్య "మాది ఉందిగా" అనేసింది. ఇంటికొచ్చాక నేను ముఖం మాడ్చుకుని కూర్చుంటే, "ఏం, డాబా అరిగిపోతుందా?" అంది. అరగదు, సరే. కానీ మా బతుకంతా ఉన్నది ఆ డాబా మీదే.

మాది లాండ్రీ. దీవికి ఆ చివర, సముద్రం ఒడ్డున ఉన్న లాడ్జీల దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు మా ఇంటికొస్తాయి. ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి పంపుతాం. బండి మీద తేవడం, తీసుకెళ్లడం మా ఆయన పని. మధ్యలో ఉన్న చాకిరీ అంతా అత్తయ్యదీ నాదీ. అత్తయ్య ఉతికిన దుప్పటి మల్లెపువ్వులా ఉంటుందని దీవంతా చెప్పుకుంటారు. వెనకాల మాత్రం ఆవిణ్ని 'నీలిమందావిడ' అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసి లోపల్లోపల మురిసిపోతుంది కూడా.

ఇంత తెల్లటి పనికి మాకు దొరికిన చోటు చూడండి. మా వీధి చివరే జెట్టీ, జెట్టీ పక్కనే బొగ్గు గుట్ట. కరెంటు ప్లాంటుకు కావలసిన బొగ్గు ఓడల్లో వచ్చి అక్కడ దిగుతుంది. గుట్టకు పైన కప్పు లేదు, చుట్టూ గోడ లేదు. దింపడం మొదలుపెట్టే ముందు సైరన్ మోగిస్తారు. మిగతా వీధికి అది చప్పుడు, మాకు పరుగు. ఆరినవన్నీ లోపలికి లాగాలి. ఆరనివాటి మీద పాత పంచెలు తడిపి కప్పాలి. ధూళంతా తడిగుడ్డకు అంటుకుంటుంది, కింద దుప్పటి బతికిపోతుంది. ఇది అత్తయ్య సొంత ఉపాయం. కాపురానికి వచ్చాక నాకు నేర్పిన మొదటి పాఠం కూడా ఇదే. తెల్లటిది ఏదైనా సరే, సైరన్ మోగాక బోసిగా ఉండకూడదన్నది ఆవిడ శాసనం. ఒకసారి లాడ్జీ మేనేజరు ఏదో మాట్లాడటానికి డాబా ఎక్కితే, ఆ పరుగులో ఆయన తెల్లచొక్కా మీద కూడా తడి పంచె వేయబోయింది.

మిషను రావడానికి కారణం మా ఎదురింటి దర్జీ అక్క. ఆవిడకు ఆయాసం. ఓడ వచ్చిన రోజు కుట్టుపని ఆపేసి, కిటికీలన్నీ మూసుకుని, ఆ ఉక్కలో గోడ పట్టుకుని నిలబడేది. డాక్టరు "ఇల్లన్నా మార్చు, గాలన్నా మార్చు" అన్నాడట. "ఇల్లు కొంటానని ఒకాయన వచ్చాడే. దగ్గుతూ వచ్చాడు, దగ్గుతూ వెళ్లిపోయాడు. ఇక మార్చాల్సింది గాలినేగా" అని నవ్వేది నాతో. ఆ ఆయాసంతోనే మునిసిపాలిటీ మెట్లు ఎక్కీ దిగీ, ఎక్కీ దిగీ, చివరికి వాళ్లచేత ఒక మాట అనిపించింది. వేసవిలో కొన్ని వారాలు దీవిలో ఐదు చోట్ల దుమ్ము కొలుస్తారు. మా వీధిలో హద్దు దాటిందని తేలితే బొగ్గు గుట్టకు షెడ్డు వేయిస్తారు. తేలకపోతే లేదు.

అలా వచ్చింది గాలి మేడం. ఆ పేరు పెట్టింది మా ఆయనే. "చదువుకుని మరీ గాలి పని చేస్తున్నారు, మేం చదువుకోకుండానే చేస్తున్నాం" అని ఆ అమ్మాయి ముందే అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ అమ్మాయి మాత్రం పకపకా నవ్వేసింది. చిన్నపిల్ల, ఎండకు ముక్కు కమిలిపోయి ఉంది. డాబా మీద, దండేలకు కాస్త ఎడంగా, స్టూలు మీద మిషను బిగించింది. చూడటానికి పెద్ద డబ్బా, నెత్తిన చిన్న గొడుగులాంటి మూత. లోపల గుండ్రటి తెల్ల కాగితం.

"మనం పీల్చినట్టే ఇదీ గాలి పీలుస్తుంది, మామ్మగారూ" అని చెప్పింది అత్తయ్యకు. "దుమ్ము ఆ కాగితం మీద ఆగిపోతుంది. మన ఊపిరితిత్తులు విప్పి చూడలేం కదా. దీన్నైతే విప్పి చూడొచ్చు."

"కాగితం ఎంత తెల్లగా ఉందో!" అంది అత్తయ్య. ఆవిడకు వినబడింది అదొక్కటే.

రెండు మూడు రోజులకోసారి మేడం అద్దె స్కూటరు మీద వచ్చి, పాత కాగితం తీసి కొత్తది పెట్టి వెళ్లేది. తీసినవాటిని తూకం వేశాక, జనానికి కూడా తెలియాలని, రేవులో పడవ టిక్కెట్లిచ్చే హాల్లో ఒక బోర్డుకు అంటించి పెట్టింది. మంచి ఉద్దేశమే. మా కొంప ముంచింది కూడా అదే.

మొదటిసారి ఆ బోర్డు నేనూ అత్తయ్యా కలిసే చూశాం. ఐదు కాగితాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని కింద దాని చోటు పేరు. కొండ, బజారు, లైట్‌హౌసు, ఉప్పుమడులు. నాలుగూ కొంచెం అటూ ఇటూగా దుమ్ము రంగులో ఉన్నాయి. ఐదోది పెనం అడుగులా ఉంది. దాని కింద, ముత్యాల్లాంటి అక్షరాలతో, 'లాండ్రీ డాబా' అని రాసి ఉంది.

జెట్టీ వీధి అని రాయలేదు. బొగ్గు గుట్ట అని రాయలేదు. లాండ్రీ డాబా అట!

"ఏమ్మా, బొగ్గులు కూడా ఉతుకుతున్నారా ఏంటి?" అన్నాడు టిక్కెట్ల గుమాస్తా గాజు వెనకనుంచి. క్యూలో ఉన్నవాళ్లు నవ్వారు. తల కొట్టేసినట్టయింది. అత్తయ్య కళ్లజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని ఇంకోసారి చదివింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. ఇంట్లోకి రాగానే, అప్పుడే ఉతికిన గలీబుల మూట విప్పి మళ్లీ ఉతకడం మొదలుపెట్టింది.

నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు మేడం రాగానే మెట్ల మీదే పట్టుకున్నాను.

"ఏం మేడం, మా పరువు తియ్యడానికేనా మా డాబా ఎక్కింది? కింద మా పేరెందుకు రాశారు?"

"పేరు కాదండీ, అది చోటు గుర్తు" అంది ఆ పిల్ల బిత్తరపోయి. "అన్నిచోట్లా అలాగే రాశాను. దుమ్ము మీ ఇంటిదని కాదు..."

"చదివేవాళ్లకు ఆ తేడా తెలుస్తుందా?"

పాపం, ఆ సాయంత్రమే దాన్ని చింపేసి 'జెట్టీ వీధి' అని రాసి అంటించింది. కానీ నోళ్లకు కాగితం అంటించలేం కదా. లాడ్జీ నుంచి వచ్చేటప్పుడు మా ఆయన ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "దుప్పట్లు కాస్త చూసి పంపమన్నాడు మేనేజరు" అన్నాడు. ఎప్పుడూ ఏదో ఒక జోకు లేకుండా మాట పూర్తిచేయని మనిషి, ఆ రోజు అంతటితో ఆపేశాడు. రెండో లాడ్జీ తువ్వాళ్లు అసలు ఇవ్వనే లేదు.

దర్జీ అక్క మాత్రం ఆ రోజు సంబరంగా మా ఇంటికొచ్చింది. "చూశావా పిన్నీ, ఎంత నల్లగా వచ్చిందో! ఇట్లాగే నాలుగు వస్తే షెడ్డు పడినట్టే." అత్తయ్య ఇస్త్రీ పెట్టె మీంచి కళ్లెత్తలేదు. "ఆ, సంతోషం" అంది.

తర్వాత ఏమైందో ఏమోగానీ, కాగితాలు తెల్లబడుతూ వచ్చాయి. ముందు బూడిద రంగు, తర్వాత బజారు కాగితం కంటే నయం, ఆ తర్వాత కొండ మీది కాగితంతో సమానం. మేడం కాగితాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసేది. "సముద్రం మీది గాలి తిరిగినట్టుంది" అనుకునేది తనలో తనే. మిషను విప్పి గొట్టాలు తుడిచి, మళ్లీ బిగించేది. అత్తయ్య కింద నుంచి టీ పంపేది. ముఖం వెలిగిపోతూ ఉండేది. బోర్డు చూడటానికి పని కల్పించుకుని మరీ రేవుకు వెళ్లొచ్చేది. లాడ్జీ తువ్వాళ్లు మళ్లీ వచ్చాయి. కొత్తగా కిటికీ తెరలు కూడా ఇచ్చారు.

నేనూ సంతోషించాను. అబద్ధమెందుకు, కడుపు నిండింది కదా. ఎదురింటి కిటికీ వెనక దగ్గు వినబడినప్పుడు మాత్రం ఇస్త్రీ పెట్టె కాస్త గట్టిగా నొక్కేదాన్ని.

ఒకరోజు అక్క వీధిలోనే నన్ను ఆపింది. "మీ డాబా మీద గాలి వేరు, నా కిటికీలో గాలి వేరుటే? మొన్న ఓడ వచ్చినప్పుడు కుట్టే గుడ్డ మీద గీత గీస్తే వేలికి మసి అంటింది. మీ కాగితం చూస్తే పెళ్లికూతురిలా ఉంది."

"నాకేం తెలుసక్కా, గాలి తిరిగిందంటోంది మేడం" అన్నాను. అప్పటికి నాకు నిజంగానే తెలియదు.

సైరన్ మోగితే కింద వాకిట్లో దండెం నాది, డాబా అత్తయ్యది. ఎప్పట్నుంచో ఉన్న పంపకం. ఆ రోజు వాకిట్లో ఏమీ లేకపోవడంతో సాయం చేద్దామని పైకి పరిగెత్తాను. దుప్పట్ల మీద తడి పంచెలు పరిచి ఉన్నాయి. స్టూలు మీద మిషను నెత్తికి కూడా ఒక తడి పంచె, రెండు మడతలు వేసి, చుట్టూ తిప్పి, క్లిప్పులు పెట్టి ఉంది. దాని మోటారు లోపల మూలుగుతోంది. అత్తయ్య నాలుగో క్లిప్పు పెడుతోంది.

"అత్తయ్యా, ఏంటిది?"

"కనబడటం లేదూ? సైరన్ మోగింది, కప్పాను."

"మిషను మీదా?"

"దాని పొట్టలో తెల్ల కాగితం లేదూ? తెల్లటిదాన్ని అలా వదిలేసి ఎలా వస్తాను?"

అమాయకంగానే అంది. కానీ నా కళ్లలోకి చూడలేదు.

"అది నల్లబడాలనేగా పెట్టింది! నల్లబడితేనేగా షెడ్డు!"

"నల్లబడింది, చూశాంగా. ఎవరి పేరు రాశారు? షెడ్డేమో వీధికి, నలుపేమో మనకా?" అప్పుడు చూసింది నావైపు. "మేడం వచ్చేముందు తీసేస్తున్నాను. దాని మిషనుకు ఏం కాలేదు."

"దర్జీ అక్క ఊపిరి అందక చస్తోంది అత్తయ్యా. నేను చెప్పేస్తాను."

"చెప్పు. చెప్పి, రేపట్నుంచి ఎవరి దుప్పట్లు ఉతుకుతావో అది కూడా చెప్పు. ఇంటిగుట్టు లంకకు చేటు అని ఊరికే అన్నారా?"

ఆ సామెత వినని వాళ్లుంటారా! గుట్టు బయటపడితే కొంప మునుగుతుందన్న అర్థంలోనే నేనూ ఇన్నాళ్లూ విన్నాను, వాడాను. ఆ రోజు మెట్లు దిగుతుంటే అదే మాట తిరగబడి వినిపించింది. లంక అంటే దీవే కదా. మా ఇంటి గుట్టు ఇంట్లో ఉన్నందుకే దీవికి చేటు వస్తోంది.

ఆ సాయంత్రం ఎదురింటికి వెళ్లాను. అక్క మంచం మీద కూర్చుని, పీల్చే మందు చేతిలో పట్టుకుని, "రావే" అంది. ఆ రెండక్షరాలకే రొప్పింది. సూది ఉందా అని అడిగి తెచ్చుకున్నాను. మా ఇంట్లో సూదులకు కరువా! మా ఆయనతో చెబితే, "మీ ఇద్దరి మధ్యకొస్తే నన్ను కూడా పిండి ఆరేస్తారు" అని తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు.

సభ ఆ వారంలోనే జరిగింది. మునిసిపాలిటీ హాల్లో ఇనుప కుర్చీలు వేశారు. మేడం తెర మీద లెక్కలు చూపించింది. ఆఫీసరు లేచి, ఐదు చోట్లా హద్దులోపలే ఉందనీ, జెట్టీ వీధిలో మొదట్లో ఎక్కువగా కనిపించినా తర్వాత సర్దుకుందనీ, కాబట్టి షెడ్డు అవసరం ఇప్పటికి లేదనీ చెప్పాడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

దర్జీ అక్క లేచింది. "మరి నా..." అని దగ్గు అందుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గింది. హాలంతా ఆవిడ దగ్గు ఆగడం కోసం చూస్తూ కూర్చుంది. "మరి నా ఇంట్లో దుమ్ము ఎక్కడిది?" అంది చివరికి.

ముందు వరసలోంచి లాడ్జీ మేనేజరు వెనక్కి తిరిగాడు. ఆయన చెడ్డవాడేం కాదు, సరదా మనిషి. "మీ ఇల్లు లాండ్రీకి ఎదురేగా అమ్మా? వాళ్ల డాబా అద్దంలా ఉంటే మీ ఇంట్లోకి దుమ్ము ఎక్కణ్నుంచి వస్తుంది? కాస్త రోజూ ఊడ్చుకుంటే సరి."

అందరూ నవ్వారు. అక్క కూర్చుంది. నిండా అవమానం పడ్డ మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఎలా కూర్చుంటుందో అలా కూర్చుంది. నేను నేలచూపులు చూస్తున్నాను. పక్కన కుర్చీ కిర్రుమంది.

"నవ్వకండి" అంది అత్తయ్య. నిలబడి ఉంది. "ఆ మిషను మీద తడిగుడ్డ కప్పాను. నేనే. సైరన్ మోగినప్పుడల్లా."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. మేడంకు అర్థమైంది. "నెత్తి మీద మూత ఉంది చూడండి మామ్మగారూ, దాని మీదా?"

"దాని మీద, చుట్టూ. మొదటి కాగితం నల్లగా వచ్చిన దగ్గర్నుంచి."

తెర మీద లెక్కలు చూపిస్తున్న కర్రను మేడం బల్ల మీద పెట్టేసింది. ఆఫీసరు వైపు తిరిగి, "అయితే ఆ చోటు లెక్కలు పనికిరావండీ. తీసేయాలి" అంది మెల్లగా. "తీసేస్తే తేలినట్టా, తేలనట్టా?" అని అడిగాడాయన. "కొలవనట్టు" అంది.

కొలవనట్టు! ఏడుపొచ్చింది నాకు. తిట్టినా బాగుండేది. బయట మెట్ల దగ్గర మేడం అత్తయ్యతో, "తప్పు నాదే, ఓడ వచ్చిన రోజు ఒక్కసారైనా నేను వచ్చి చూసుండాల్సింది" అంది. ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. దర్జీ అక్క మా పక్కనుంచే దిగింది. ఆగింది.

"తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటే ఏంటో అనుకునేదాన్ని పిన్నీ" అంది. కోపంగా కూడా అనలేదు. రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయింది.

మిషను పడవెక్కింది. వేరే దీవిలో పని ఉందట. నాలుగు రోజులకు హాల్లో దీవి పటం ఒకటి పెట్టారు. కొండకో రంగు, బజారుకో రంగు, లైట్‌హౌసుకూ ఉప్పుమడులకూ ఇంకో రంగు. కొలత లేని మా వీధికి రంగు వేయలేదు. తెల్లగా వదిలేశారు. అత్తయ్య దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది. దీవి మొత్తం మీద మా వీధంత తెల్లగా ఇంకేదీ లేదు.

లాడ్జీలు సగం దుప్పట్లు ఆపేశాయి. అది అన్యాయమని నేననలేను. వీధిలో ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. ఎదురింటి కిటికీ మాత్రం మా వైపు తెరుచుకోవడం మానేసింది. నేను వాకిలి ఊడ్చేటప్పుడు కూడా వీపు అటు పెట్టి ఊడ్చేదాన్ని.

అప్పుడు అత్తయ్య పెట్టెలోంచి మా ఇంటి దుప్పటి, ఇంకా మడత విప్పనిది, తీసి ఉతికి డాబా మీద ముందు దండేనికి ఆరేసింది. సైరన్ మోగింది. నేను తడి పంచెలతో పరిగెత్తి పైకి వెళ్లాను.

"దాని మీద వద్దు" అంది.

ఆరిపోయాక తీయబోతే, "ఉండనీ" అంది. అది అక్కడే ఉండిపోయింది. ఓడ మీద ఓడ వచ్చింది. నేను మిగతా దండేలు సర్దుకుంటూ దానివైపు చూడకుండా తిరిగేదాన్ని. మా ఆయన, "ఇదేం ఆరేయడమే, వేయించడంలా ఉంది" అన్నాడు ఒకసారి. ఎవరూ నవ్వలేదు. పోను పోను అది బూడిద రంగు దాటి, మడత పడ్డచోట్ల నల్లటి చారలు కట్టింది.

వానలు పడతాయనగా ఒక పొద్దున అత్తయ్య దాన్ని దించింది. "రెండు కొసలు నువ్వు పట్టుకో" అంది.

"ఎక్కడికి?"

"మునిసిపాలిటీ ఆఫీసుకి."

"మూట కట్టుకుని వెళ్దాం అత్తయ్యా. ఇలా విప్పి పట్టుకుని ఊళ్లోంచా?"

"మూట కడితే ఎవరికి తెలుస్తుంది?"

బయల్దేరాం. ముందు ఆవిడ, వెనక నేను, మధ్యలో ఆ దుప్పటి. ఎదురింటి కిటికీ కొద్దిగా తెరుచుకుంది. అదే సమయానికి గాలి కొట్టి దుప్పటి ఒక్కసారి ఎగిసింది. అందులోంచి లేచిన ధూళికి అక్కకు దగ్గొచ్చి, కిటికీ మూసేసుకుంది. అత్తయ్య ఆగి, దుప్పటిని బిగించి పట్టుకుంది. "మెల్లగా నడువు. దులపకు" అంది.

బజారంతా చూసింది. లాండ్రీ వాళ్లు మాసిన దుప్పటి పట్టుకుని నడివీధిలో వెళ్తుంటే ఎవరు చూడరు? టిక్కెట్ల గుమాస్తా గాజు వెనకనుంచి లేచి నిలబడ్డాడు. లాడ్జీ మేనేజరు కూరగాయల సంచీతో ఎదురై, "ఎవరిదమ్మా అది, అంత మాసింది?" అని అడిగాడు. "మాదే" అంది అత్తయ్య, ఆగకుండా. నా చేతిలో కొసలు చెమటకు జారుతున్నాయి. వదిలేసి పారిపోదామనిపించింది.

ఆఫీసరు మర్యాదస్తుడు. దుప్పటి చూశాడు, మమ్మల్ని చూశాడు. "ఇది కొలత కాదండీ" అన్నాడు.

"కాదని నాకూ తెలుసు బాబూ. మిషను మళ్లీ తెప్పించండి. ఈసారి మా ఇంట్లో వద్దు, ఎదురింట్లో పెట్టండి. అది వచ్చేదాకా ఇది ఇక్కడ ఉంటుంది."

"రాసి చూస్తాను. ఎప్పటికి వస్తుందో చెప్పలేను" అన్నాడు. వరండాలో జనం కూర్చునే బెంచీ చూపించాడు.

ఇద్దరం దాన్ని బెంచీ మీద పెట్టాం. నా చేతులు ఊరుకోలేదు. ఏళ్ల తరబడి అలవాటు కదా, కొసకు కొస కలిపి, మరక లోపలికి పోయేలా మడవడం మొదలుపెట్టాను. అత్తయ్య నా చేతి మీద ఒక్కటి వేసింది.

"మడవకు" అంది. "కనబడనీ."

చేతులు వెనక్కి తీసుకున్నాను. వరండాలో వాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారు. ఆవిడ ఆ దుప్పటిని బెంచీ ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచి, ముడతలు లేకుండా అరచేత్తో సాపు చేసి, దాని పక్కనే నిలబడింది. నేనూ పక్కనే నిలబడ్డాను. తల మాత్రం ఎత్తలేకపోయాను.